గడప మీద గులాబీ పొడి

ఆమెకు మళ్ళీ రాత్రుళ్ళు నిద్ర పట్టడం లేదు. ఈ సంగతి అక్కకు తెలుసు, బావకు తెలుసు, కింది వాటాలో బట్టలు కుట్టే ఆవిడకు తెలుసు. ఆమె పనిచేసే కట్టుడు పళ్ళ ల్యాబులో యజమాని మొదలు గిన్నెలు కడిగే మనిషి దాకా అందరికీ తెలుసు. తెలియనిది ఒక్క ఆమెకే. అలా తెలియకపోవడమే ఆ జబ్బుకు మొదటి గుర్తు అన్న సంగతి కూడా అందరికీ తెలుసు.

“ఏమ్మా, రాత్రి కాస్త కునుకైనా పట్టిందా?” అన్నాడు కొలిమి. పళ్ళకు తొడిగే క్యాపుల లోపలి లోహపు చిప్పలను కరిగించి పోసేది అతనే; ఆ పేరు అలా పడింది.

“కునుకేమిటి, హాయిగా నిద్రపోయాను.”

“అలాగేలే” అన్నాడతను. జ్వరం లేదంటున్న పిల్ల నుదుటి మీద చెయ్యి వేసి చూసే మనిషి గొంతు అది. పక్కబల్ల వైపు తిరిగి కనుబొమలు ఎగరేశాడు. ఆమె ముందున్న గాజుపలకలో ఆ ఎగరేత కనిపించింది. గట్టిగా జవాబు చెబితే చిరాకు అంటారు. నవ్వి ఊరుకుంటే, కారణం లేకుండా నవ్వుతోందంటారు.

ఆ రోజు ఆమె చేతిలో ఉన్నది ముందరి పై పన్ను. ఎవరో పాట నేర్పే మనిషిదట. పక్క పన్నుతో రంగు కలవకపోతే నోరు తెరవలేనని కబురు పెట్టింది. ఆమె కుంచె మొనను తడిపి, పలక మీద ముద్దగా కలిపిన పింగాణీని కొద్దిగా తీసుకుని లోహపు చిప్ప మీద పేర్చింది. పిడికి గీతలున్న పనిముట్టుతో చిప్ప పట్టుకున్న పట్టకారును మెల్లగా గీరింది. ఆ సన్నటి అదురుకు తడి పైకి తేలింది. మెత్తటి కాగితంతో ఆ తడిని అద్ది తీసింది. మళ్ళీ పేర్చింది. పన్ను అంచు దగ్గర తెలుపు ఉండదు. చలికాలపు కిటికీ అద్దంలో ఉండే నీలం ఉంటుంది. ఆ నీలం తేవడానికి చెయ్యి వణక్కూడదు, ఊపిరి కూడా పక్కకు వదలాలి.

“అంచు కుదిరింది అమ్మాయ్” అన్నాడు మాస్టారు, భుజం మీదుగా తొంగి చూసి.

మాస్టారు ఈ నెలాఖరుతో మానేస్తున్నాడు. ఉత్తరపు కిటికీ కింద ఉన్న బల్ల ఆయనది. ఆ బల్ల మీద పడే వెలుతురు పొద్దుటినుంచి సాయంత్రం దాకా ఒక్కలాగే ఉంటుంది. ముందరి పళ్ళన్నీ అక్కడే తయారవుతాయి, మిగతావి ఎక్కడైనా సరే. “ఆయన తరువాత ఆ బల్ల నీదేనమ్మా” అని యజమాని తన నోటితోనే అన్నాడు. కానీ మొన్న అక్క యజమానికి ఫోన్ చేసింది. కాస్త కనిపెట్టి ఉండమంది, అంతే. ఆ తరువాత యజమాని ఆమె బల్ల దగ్గరికి వచ్చినప్పుడల్లా పళ్ళను చూడటం మానేసి ఆమె కళ్ళను చూస్తున్నాడు.

“యజమాని నన్ను నీ గురించి అడిగాడు” అన్నాడు మాస్టారు, మిగిలినవాళ్ళకు వినపడకుండా.

“పని ఎలా ఉందనా?”

“మనిషి ఎలా ఉందని. పనిని చూసి మనిషిని చెప్పగలను గానీ, మనిషిని చూసి మనిషిని చెప్పే విద్య నాకు రాదన్నాను.”

“మీరైనా నమ్ముతున్నారా మాస్టారూ, నాకు నిద్ర లేదని?”

ఆయన పన్నును కిటికీకి ఎదురుగా పట్టి తిప్పాడు. “నమ్మకుండా ఉండటానికి నా దగ్గరేముంది? ఫోను చెబుతోందంటున్నారు. దానికి నీ మీద పగ లేదు, మీ అక్క మీద ప్రేమ లేదు. యంత్రంతో పోట్లాడి ఏం లాభం? అయితే మన పొయ్యి మీటరు మీద అనుమానం వస్తే ఏం చేస్తాం?”

“వెండి తీగ ముక్క పెట్టి చూస్తాం.”

“ఆఁ. వెండి కరగాల్సిన వేడికే కరుగుతుంది, ఎవరి మొహమూ చూడదు. నీ దగ్గర అలాంటి తీగ ఏదైనా ఉంటే పెట్టి చూడు. లేకపోతే ఊరుకో.”

ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళేముందు ఆమె పళ్ళ అచ్చులు పోసే పొడి రెండు గరిటెలు డబ్బాలో పోసుకుంది. లేత గులాబీ రంగు పొడి. ముఖానికి రాసుకునే పౌడరంత మెత్తన. నీళ్ళు తగిలితే మాత్రం రాయి అయిపోతుంది.

ఇంట్లో అన్నం దగ్గర కూర్చునేసరికి రంగు సంగతి వచ్చింది. రంగు అంటే ఫోనులోది. వైద్యుడు ఆమె ఫోనులో ఒక యాప్ పెట్టించాడు. ఆమె ఎంత నడిచింది, ఎంత వేగంగా అక్షరాలు కొట్టింది, తెర ఎప్పుడు వెలిగింది, ఇవన్నీ అది గమనిస్తుంది. అన్నీ కుదురుగా ఉంటే తెర మీద ఒక ఆకుపచ్చ వలయం కనిపిస్తుంది, కాకపోతే పసుపు, మరీ కాకపోతే ఎరుపు. ఎరుపు వస్తే వైద్యుడికీ అక్కకూ కబురు వెళుతుంది. పడుకునే గదిలో ఫోను ఉండకూడదని కూడా వైద్యుడే చెప్పాడు. అందుకని రాత్రి భోజనాలయ్యాక దాన్ని హాల్లో, ఆమె గది తలుపుకు కాస్త అవతల, గోడ అర మీద ఛార్జింగుకు పెట్టడం ఆ ఇంటి కట్టుబాటు.

“ఇవాళా ఎరుపే” అంది అక్క, ఆమె పళ్ళెంలో కూర వేస్తూ. “రాత్రి నాలుగుసార్లు లేచి ఫోను చూశావట.”

“ఎవరన్నారు?”

“ఎవరంటారే? అదే అంది.”

“నేను లేవలేదక్కా.”

“లేచానని నీకు తెలిస్తే ఇంత గొడవెందుకు? అప్పుడూ ఇలాగే అన్నావు.”

అప్పుడు అంటే ఆ వేసవి. ఆ వేసవి గురించి ఆ ఇంట్లో ఎవరూ వాక్యం పూర్తి చేయరు. దాని తరువాతే బాల్కనీకి ఇనుప కమ్ములు వచ్చాయి.

“అప్పుడు నాకు బాగోలేదు. ఇప్పుడు బాగుంది. రెంటికీ తేడా నాకు తెలియదా?”

“గొంతు తగ్గించు” అంది అక్క, మెల్లగా. “చూశారా, గొంతెలా లేస్తోందో.”

బావ మజ్జిగ కలుపుకుంటూ, “నా సంగతి ఎవరూ అడగరేం? అర్ధరాత్రి పక్క ఖాళీ అయితే దుప్పటి మొత్తం నాదేనని సంతోషించేవాణ్ణి ఈ ఇంట్లో నేనొక్కణ్ణే” అన్నాడు.

“మీరు నోరుమూసుకుని తినండి. మనిషన్నాక బాత్రూముకు కూడా లేవకూడదా?”

“లేవొచ్చు. నేనన్నది దుప్పటి గురించి.”

ఆమెకు నవ్వొచ్చింది. నవ్వకుండా అన్నం కలుపుకుంది.

నిజానికి ఆమెను భయపెట్టింది అక్క కాదు, ఫోనూ కాదు. ఒకప్పుడు ఆమె మనసు ఆమెకు తెలియకుండా చాలా పనులు చేసింది. నిద్రలో లేచి హాల్లోకి వెళ్ళి, ఫోను తడిమి, మళ్ళీ వచ్చి పడుకుంటోందేమో. పొద్దున్నకు మరిచిపోతోందేమో. ఈ వ్యవహారంలో అనుమానించడానికి ఆమెకు తెలిసిన మనిషి ఒక్కతే, తాను.

అందుకని పడుకోబోయే ముందు, ఇల్లు సద్దుమణిగాక, డబ్బా మూత తీసింది. గడపకు ఇవతలా అవతలా జానెడు వెడల్పున పొడిని టీ వడగట్టే జల్లెడతో సమంగా చల్లింది. అడుగు పడితే గుర్తు ఉండి తీరాలి. కొలత ఎప్పుడూ రెండుచోట్ల చూడాలని ల్యాబులో నేర్చుకుంది కాబట్టి, ఫోను ఉన్న గోడ అర కింద కూడా ఒక పొర చల్లింది. తలుపు వేస్తే ఎప్పటిలా కిర్రుమంది. బావ దానికి నూనె వేస్తానని ఏడాది నుంచీ అంటున్నాడు.

తెల్లవారి కళ్ళు తెరవగానే మోకాళ్ళ మీద కూర్చుని చూసింది. పొడి రాత్రి చల్లింది చల్లినట్టే ఉంది. ఒక్క వేలిగుర్తు లేదు. గడప అవతలి వైపు కూడా అంతే నున్నగా ఉంది. అంటే ఆమె బయటికి వెళ్ళలేదు. ఎవరూ ఆమె గదిలోకి తొంగి చూడటానికి రానూ లేదు. రెండో సంగతి అప్పుడామెకు తట్టలేదు. మొదటిదే చాలనిపించింది. గుండె తేలికపడింది.

“అక్కా! ఒక్కసారి ఇలా రా! త్వరగా!”

అక్క చీపురుతో వచ్చింది. హాలు సగం ఊడ్చేసింది అప్పటికే. గోడ అర కింది పొడి చీకట్లో మామూలు దుమ్ములో కలిసి చేటలోకి వెళ్ళిపోయింది. గది ముందు ఆగి, గడప పొడవునా పరిచిన గులాబీ రంగును చూసింది. దాని వెనుక జుట్టు విరబోసుకుని, మోకాళ్ళ మీద కూర్చుని, కళ్ళు మెరిసిపోతూ నవ్వుతున్న చెల్లెల్ని చూసింది.

“చూడు, ఒక్క అడుగైనా ఉందా? చెప్పు, ఉందా? నేను లేవలేదక్కా. నేను నిద్రపోయాను!”

“ఏమిటే ఇది?” అంది అక్క. “ఎవరు రాకుండా చల్లావే ఇది?”

“ఎవరూ రాకుండా కాదు. నేను వెళ్ళానో లేదో చూడ్డానికి. ఇది పరీక్ష.”

“అలాగే తల్లీ. అలాగే. నువ్వు లేచి మొహం కడుక్కో.” మాట్లాడుతూనే అక్క చీపురు ఆనించింది. 

“ఊడ్చకు! ఫోటో తీయనీ!” అని ఆమె అరిచి చీపురు పట్టుకుంది. అక్క వదల్లేదు. ఇద్దరి మధ్యా చీపురు పుల్లలు రెండు విరిగాయి. అరుపు విని బావ పరుగెత్తుకొచ్చి అక్క భుజం పట్టుకున్నాడు. కింది వాటాలో కుట్టుమిషను ఆగింది. పెనుగులాటలో నలుగురు నడిచినట్టు పొడి నిండా అడుగులే.

ఆ మధ్యాహ్నమే వైద్యుడి దగ్గరికి వెళ్ళారు.

వైద్యుడు మంచివాడు. తొందరపడడు, కసురుకోడు. పెద్ద తెర మీద ఆమె రాత్రులన్నీ నల్లటి పట్టీలుగా పరిచి ఉన్నాయి. ప్రతి పట్టీ మీదా సన్నటి తెల్ల గీతలు, పిల్లి గోళ్ళతో గీరినట్టు.

“ఇవి మీరు ఫోను ముట్టుకున్న సమయాలు. మీరేం చదివారో, ఏం రాశారో ఇది చూడదు. వేలు తగిలిన సంగతి మాత్రం దీనికి తెలుస్తుంది. వారం వారం చూడండి, గీతలెలా పెరుగుతున్నాయో.”

“వేలు ఎవరిదో తెలుస్తుందా అండీ?” అంది ఆమె.

వైద్యుడు తెర మీదినుంచి కళ్ళు తిప్పి ఆమెను చూశాడు. మంచి ప్రశ్న అన్నట్టు తల ఊపాడు కూడా. తరువాత అక్కను అడిగాడు. “ఈ ఫోను ఇంట్లో ఇంకెవరైనా వాడతారా?”

“ఎవరూ వాడరండీ” అంది అక్క. “నాకు నాది ఉంది, ఆయనకు ఆయనది ఉంది. దానిదెవరు వాడతారు?”

అక్క కళ్ళల్లో అబద్ధం లేదు. నలభై ఏళ్ళుగా ఆ కళ్ళను చూస్తున్న చెల్లెలికి ఆ సంగతి తెలుసు. ఇక అడగడానికి ఏమీ మిగల్లేదు.

“గడప దగ్గర పొడి చల్లారట?”

“పరీక్ష చేశానండీ. గుర్తులు పడలేదు.”

“ఎవరిని పరీక్షించారు?”

“నన్నే.”

తనను తాను కాపలా కాసుకోవడం, పొద్దున్నే పట్టరాని సంతోషం, చీపురు కోసం పెనుగులాట, అరుపులు: తెర మీదున్న గీతలకు ఇవన్నీ అతికినట్టు సరిపోయాయి. సరిపోని వస్తువు ఆ గదిలో ఒకటే ఉంది. అది ఆమె మాట.

“మాత్ర పెంచుదాం. చెయ్యి కొంచెం వణకొచ్చు, భయపడకండి. అది మామూలే.”

“నా పని చేత్తోనండీ.”

“తెలుసమ్మా. ముందు మనిషి, తరువాత పని.”

ఆమె మాత్రలు వేసుకుంది. వేసుకోనంటే ఏమవుతుందో తెలుసు కాబట్టి వేసుకుంది; ఒకవేళ వాళ్ళ మాటే నిజమేమోనన్న అనుమానం లోపలెక్కడో ఉంది కాబట్టి కూడా వేసుకుంది. కొద్దిరోజులకే కుంచె మొన పలక మీద చిన్నచిన్న చుక్కలు పెట్టడం మొదలుపెట్టింది. పింగాణీ పేర్చితే అంచు దగ్గర జారింది. మోచెయ్యి బల్లకు ఆనించి చూసింది, ఎడమ చేత్తో కుడి మణికట్టు పట్టుకుని చూసింది. పాట నేర్పే మనిషి పన్నుకు జంటగా మరో పన్ను కావాలని వస్తే, పొయ్యిలోనుంచి తీసేసరికి అంచున వెంట్రుకంత పగులు కనిపించింది. మాస్టారు దాన్ని తీసి తన జేబులో వేసుకున్నాడు. కానీ యజమాని అప్పటికే చూశాడు.

“ఆరోగ్యం ముఖ్యం కదమ్మా” అన్నాడు యజమాని. ఆ మాటలోనూ అబద్ధం లేదు. “కొన్నాళ్ళు వెనక గదిలో అచ్చులు పోస్తూ ఉండు. అక్కడ ఒత్తిడి ఉండదు. ఆ బల్లకు మా బావమరిదిని రమ్మన్నాను. కుర్రాడు కొత్తవాడు, నువ్వే కాస్త చెప్పాలి.”

“నన్ను చెప్పమంటారు గానీ చెయ్యమనరన్నమాట.”

“చూశావా, అలా కోపం తెచ్చుకోకు.”

మాస్టారు చివరి రోజున తన కుంచెలన్నీ కాగితంలో చుట్టి ఆమెకిచ్చాడు. “వెండి తీగ పెట్టి చూశావా?” అని అడిగాడు. పెట్టానంది. “కరిగిందా?” అంటే, ఊడ్చేశారంది. ఆయనకు అర్థం కాలేదు. విడమరిచి చెప్పే ఓపిక ఆమెకు లేదు.

ఇంట్లో మాత్రం పండగ రోజులు అవి. వలయం ఎరుపు వదిలి పసుపైంది, పసుపు వదిలి ఆకుపచ్చైంది. అక్క ముఖం తేటపడింది. “మందంటే అది. నేను చెప్పలా?” అని కింది వాటా ఆవిడతో మెట్ల మీదే అంది. కొలిమి వెనక గదిలోకి తల పెట్టి, “ఇప్పుడు నిద్ర బాగా పడుతోందటగా” అన్నాడు. ఆమె “ఆఁ” అంది. నిద్రకు సంబంధించి ఆమె మాటను అతను నమ్మింది అదే మొదటిసారి.

సెలవురోజు పొద్దున్న ఆమె తన గదిలో మాస్టారి కుంచెలు కడిగి ఆరబెడుతోంది. అక్క రబ్బరు చెప్పు ఒకటి పట్టుకుని వచ్చింది.

“దీని కింద ఏదో రాయి అతుక్కుందే. నడుస్తుంటే టక్కుటక్కుమంటోంది. మీ బావ గుర్రం వచ్చిందంటూ వెక్కిరిస్తున్నారు. నీ దగ్గర కత్తులుంటాయిగా, కాస్త గీకిపెట్టు.”

ఆమె చెప్పు తిరగేసింది. అడుగున గీతల సందుల్లో ఏదో బిళ్ళగా గడ్డకట్టి ఉంది. పైన మురికి పట్టింది. మైనం చెక్కే కత్తి తీసి, ఎడమచేత్తో కుడి మణికట్టు పట్టుకుని, అంచున ఒకసారి గీరింది. మురికి కింద లేత గులాబీ రంగు బయటపడింది.

ఆమె కత్తి కింద పెట్టింది.

“ఈ చెప్పులు ఎప్పుడు వేసుకుంటావక్కా?”

“ఎప్పుడేమిటి? రాత్రి లేస్తేనే. పగలు ఇంట్లో చెప్పులేసుకుంటానా?”

“ఊడ్చేటప్పుడు?”

“చెప్పులతో ఎవరు ఊడుస్తారే?”

“రాత్రి లేచి ఎక్కడికి వెళ్తావు?”

“బాత్రూముకి. తడి చెప్పులతో అటునుంచి అటే నీ ఫోను దగ్గరికి.” అక్క మంచం అంచున కూర్చుంది. “రంగు చూడొద్దూ? కబురొచ్చేదాకా కూర్చుంటే ఆ వేసవిలాగే అవుతుంది. ఈమధ్య మానేశాన్లే. మందు పడ్డాక నాకూ ధైర్యమొచ్చి ఒళ్ళు తెలియకుండా పడుకుంటున్నాను.”

“అంతకుముందు ఎన్నిసార్లు చూసేదానివి?”

“మెలకువ వచ్చినప్పుడల్లా. తెరిచి చూస్తే పసుపు. ఇంక నిద్రెక్కడిది? కాసేపాగి మళ్ళీ చూస్తే అదే. తరువాత ఎర్రబడింది. ఇంక చెప్పాలా?”

“డాక్టరుగారు అడిగితే ఎవరూ వాడరన్నావు.”

“వాడటమేమిటే? రంగు చూశాను, అంతే. నీ ఫోనుతో నాకేం పని?” అంటూనే అక్క ఆగింది. చెల్లెలి చేతిలో చెప్పును చూసింది. చెయ్యి వణుకుతుంటే చెప్పు కూడా వణుకుతోంది.

“నా గదిలోకి ఒక్కసారి తొంగి చూడలేకపోయావా అక్కా? అక్కడినుంచి రెండడుగులు.”

“తలుపు కిర్రుమంటుందిగా. నిద్ర చెడుతుందని…”

“ఎవరి నిద్ర?”

హాల్లోనుంచి బావ, “గుర్రానికి నాడా ఊడిందా?” అని కేకేశాడు.

అక్క చెప్పు వైపే చూస్తూ అంది. “ఇప్పుడు ఏం చెప్పమంటావే డాక్టరుగారితో? నిద్ర లేనిది నాకని చెప్పనా?”

ఆమె మళ్ళీ కత్తి తీసుకుంది. గడ్డకట్టిన పొడి బిళ్ళను కొంచెం కొంచెంగా లేపింది. చేతిలో అదుపు లేక రెండుసార్లు రబ్బరు తెగింది. బిళ్ళ ఊడి ఒడిలో పడింది. చెప్పు అడుగు గీతలన్నీ దాని మీద అచ్చుగుద్దినట్టున్నాయి. ల్యాబులో ఎవరూ అంతకన్నా మంచి అచ్చు పోయలేరు. దాన్ని మాస్టారి కుంచెల పక్కన పెట్టి, చెప్పు అక్కకు తిరిగి ఇచ్చింది.

ఫోను అబద్ధం చెప్పలేదు. ఆ ఇంట్లో ఒక మనిషికి నిద్ర పట్టడం లేదని అది సరిగ్గానే కనిపెట్టింది. మందు కూడా పనిచేసింది. మింగింది చెల్లెలు, నిద్రపట్టింది అక్కకు.

గీతలు పడిన ఆ రాత్రులన్నిటా, తలుపుకు ఇవతల, ఆమె నిద్రపోయింది.